భీముడి నోరు, నా నోరు

మొన్న మా మనవరాలు తన కుక్క టింకూను డాక్టరుకు చూపించడానికి వెళ్తూ తోడు రమ్మంటే వెళ్ళాను. బెజవాడలో అద్దాల తలుపుల ఆస్పత్రి. స్టీలు బల్ల మీద కుక్కను నిలబెట్టి, కుర్ర డాక్టరు దాని పై పెదవిని బొటనవేలితో ఎత్తగానే గదంతా ఒక వాసన కమ్ముకుంది. కుళ్ళిన ఆకుకూర వాసనలో తుప్పు కలిసినట్టుంటుంది అది. మనవరాలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నేను ముందుకు వంగాను. "ఎలా భరిస్తున్నావ్ అమ్మమ్మా?" అంది. ఇరవై మూడేళ్ళ వయసులో ఆ వాసన నాది. అందులోంచి నన్ను బయటికి తీసుకొచ్చిన మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన మనుషుల డాక్టరు కాదు, గొడ్ల డాక్టరు. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడు బందరులో కూడా పెద్దగా మిగల్లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను బందరు టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసేదాన్ని. నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉండగానే పోయారు. అమ్మా నేనూ ఈడేపల్లిలో ఒక పెంకుటింటి వెనక వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. ఆ ఉద్యోగం నాకెందుకంత నచ్చిందో ఎవరికీ చెప్పలేదు. తీగలో మాట వెళ్తుంది గాని వాసన వెళ్ళదు. గుడివాడ అడిగినవాళ్ళకు గుడివాడ, అవనిగడ్డ అడిగినవాళ్ళకు అవనిగడ్డ కలిపి ఇస్తుంటే, "మీ గొంతు బాగుంటుందండీ" అన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. పక్క కుర్చీలో కూర్చునే సరోజినికి మాత్రం గొంతుతో పాటు మిగతాదీ అందేది. ఒకరోజు ఆమె కుర్చీ జానెడు దూరం జరిగింది. వారం తిరిగేసరికి ఇంకో జానెడు జరిగింది. ఆ తర్వాత ఒక ఉదయం నా బల్ల మీద చిన్న కాగితం పొట్లంలో లవంగాలు కనిపించాయి. "ఊరికేనే, నోట్లో వేసుకుంటావని" అంది సరోజిని, నా వైపు చూడకుండా. పాపం, మంచి పిల్ల. అంతకంటే మర్యాదగా ఎవరు చెప్పగలరు? ఇంటికొచ్చి దొడ్లో గోడవైపు తిరిగి ఏడ్చాను.

అంతదాకా ఎందుకొచ్చిందో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద నేరం ఎంగిలి. మంచినీళ్ళ గ్లాసు పెదవికి తగలకూడదు, ఎత్తి పోసుకోవాలి. కొరికిన పండు ఇంకొకరికి ఇవ్వకూడదు. పళ్ళు తోముకునే బ్రష్షు ఊళ్ళోకి వచ్చి చాలా ఏళ్ళయినా మా గడప తొక్కలేదు. "పంది వెంట్రుకలతో చేస్తారట. పైగా నిన్న నోట్లో పెట్టుకున్నదే ఇవాళ మళ్ళీ పెట్టుకోవడమేవిటే, ఎంగిలి కాదూ?" అనేది అమ్మ. వేపపుల్ల అయితే వాడి పారేస్తాం, దానికి దోషం లేదు. అలాగే తోముకునేదాన్ని. పద్దెనిమిదో ఏట చిగుళ్ళలోంచి నెత్తురు రావడం మొదలైంది. "నెత్తురొచ్చే చోట ముట్టుకోకే, పుండు ముదురుతుంది" అని అమ్మ పుల్ల మాన్పించి కచ్చిక చేతికిచ్చింది. పిడక కాల్చిన బూడిద అది, మెత్తగా ఉంటుంది. నెత్తురొచ్చిన వైపు వదిలేసి రెండో వైపు రుద్దుకునేదాన్ని. తర్వాత రెండో వైపూ నెత్తురొచ్చింది. చివరికి మిగిలింది ముందు పళ్ళ మీద వేలితో ఒక్క రుద్దు, పుక్కిలింత. ఐదేళ్ళు అలా గడిచాక కింది ముందు పళ్ళు రెండు నాలుకతో తోస్తే కదిలేవి. వాటిని నాలుకతో పట్టుకునే నిద్రపోయేదాన్ని.

ఊళ్ళో పళ్ళ డాక్టరు చూసి పయోరియా అన్నారు. "వీటిని నమ్ముకుని లాభం లేదమ్మా. అన్నీ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే జన్మలో బాధ ఉండదు" అన్నారు. ఆయన తప్పేం కాదు, ఆ రోజుల్లో అది చాలామంది చెప్పే వైద్యమే. వచ్చే నెల మొదటి ఆదివారం రమ్మన్నారు. అమ్మ సరేనంది, నేనూ తలాడించాను. నొప్పికి నేనంత భయపడలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, పెదవులు రెండూ పళ్ళ మీదుగా లోపలికి మడిచి చూసుకున్నాను. అద్దంలో మా నాయనమ్మ కనిపించింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని నవ్వుకోబోయాను గాని, అప్పటికే చెయ్యి పైటకొంగును నోటికి అడ్డం తెచ్చేసింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా సరే, అలాగే అలవాటైపోయింది.

మాకు ఇల్లు అద్దెకిచ్చిన సత్యానందంగారు ముందు వాటాలో ఉండేవారు. పశువుల డాక్టరుగా సర్వీసంతా దాదాపు దివిసీమలోనే చేసి, రిటైరయ్యి బందరు వచ్చేశారు. భార్య కరుణమ్మగారు మేం ఆ ఇంట్లో దిగకముందే పోయారు. ఒక్కతే కూతురు రూతు, గుడివాడలో కాపురం. పొడుగాటి మనిషి, ఖాకీ నిక్కరు, చేతిలో ఎండకూ వానకూ ఒకే గొడుగు. రిటైరైనా ఆ వీధిలో ఆవుకు జ్వరమొచ్చినా మేకకు కాలు విరిగినా ఆయన గుమ్మం ముందుకే వచ్చేవి. కాలు విరిగిన మేకను తెచ్చినా ఆయన ముందు చూసేది నోరే. "కాలు నువ్వు చెప్తావు, నోరు అది చెప్తుంది" అనేవారు తెచ్చినవాడితో. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేది, అంచేత నాకు మావయ్యగారు అయ్యారు. చర్చికి వెళ్ళే వాళ్ళింట్లో అమ్మ మంచినీళ్ళు తాగదు. ఆ సంగతి తెలిసి ఆయనెప్పుడూ తాగమని అడిగి ఇబ్బంది పెట్టలేదు. తమ దొడ్లో చెట్టు జామకాయలు మాత్రం కొయ్యకుండా, ముక్క చెయ్యకుండా, కాడతో సహా రెండు దొడ్ల మధ్య గోడ మీద పెట్టేవారు. అమ్మ కడుక్కుని తినేది.

భీముడు పేరుకు తగ్గ కుక్క కాదు. పిల్లి కంటే కాస్త పెద్దది, తెల్లటి ఒంటి మీద ఒక చెవి గోధుమరంగు. పడక మావయ్యగారి అరుగు మీద, భోజనం మా దొడ్డి మెట్టు దగ్గర. అమ్మ వాణ్ణి ఏనాడూ ముట్టుకోలేదు గాని, మధ్యాహ్నం పెరుగన్నం కలిపి, మట్టి మూకుట్లో పైనుంచి జారవిడిచేది. వాడు తినే దాకా అక్కడే నిలబడేది. ఏడేళ్ళు ఆ మెత్తటి పెరుగన్నమే తిన్నాడు వాడు. ఒక చలికాలం వాడి నోట్లోంచి చొంగ కారడం మొదలైంది, అందులో ఎర్రటి పోగులు. మూకుడు దాకా వచ్చి, మూతి పెట్టి, కుయ్యిమని వెనక్కి వెళ్ళేవాడు. మూతిని నేలకేసి రాసుకునేవాడు, దగ్గరికి వెళ్తే గుర్రుమనేవాడు. రెండు రోజుల్లో వీధంతా పిచ్చి అని తేల్చేసింది. నలుగురు కర్రలు పట్టుకుని వచ్చారు.

మావయ్యగారు సందు మొదట్లో గొడుగు అడ్డం పెట్టి నిలబడ్డారు. "పది రోజులు నాకివ్వండయ్యా. పిచ్చే అయితే ఈలోగా వాడే పోతాడు, మీకు కర్ర శ్రమ ఉండదు. కాకపోతే మాత్రం మీరు పన్నునొప్పిని కొట్టి చంపినట్టు" అన్నారు. ఆయన మాట మీద గౌరవం కొద్దీ వాళ్ళు వెనక్కి తగ్గారు. భీముణ్ణి గొడ్లసావిట్లో గొలుసుతో కట్టేశారు. ఎవరినీ దగ్గరికి పోనివ్వకుండా, నీళ్ళ మూకుడు కర్రతో ముందుకు నెట్టేవారు. అమ్మ రోజూ దూరం నుంచి చూసొచ్చి, "ఇవాళా నీళ్ళు తాగాడే" అని నాకు చెప్పేది. పెరుగన్నం కాస్తా జావ అయ్యింది. పదకొండో రోజు పొద్దున భీముడు తోక ఊపాడు.

ఆ రోజు నాకు ఉదయం డ్యూటీ అయిపోయింది. ఇంటికొచ్చేసరికి సావిట్లో భీముడు మత్తుమందుతో గోనెపట్టా మీద నిద్రపోతున్నాడు. పెదవి ఎత్తి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని మావయ్యగారు అడుగుతున్నారు. మొన్న కర్రలు పట్టుకున్న మగవాళ్ళంతా ఇవాళ గోడ అవతలే ఉన్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు. ఆయన వాడి పెదవి ఎత్తి నా వేళ్ళ కింద పెట్టగానే వాసన గుప్పుమంది. గోడ అవతల తొంగిచూస్తున్న ఇద్దరు ముక్కు మూసుకుని వెళ్ళిపోయారు. మావయ్యగారే ఒకసారి తల పక్కకి తిప్పుకుని, మళ్ళీ ఇటు తిరిగి నన్ను చూశారు.

"నీకు వాసన రావట్లేదా అమ్మాయ్?"

"అలవాటేనండీ" అన్నాను.

అనేశాక గాని ఏమన్నానో తెలియలేదు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆయన తల ఎత్తలేదు. సన్నటి ఇనుప పనిముట్టుతో భీముడి కోరపన్ను పక్కన గీకుతూనే ఉన్నారు. పసుపు పచ్చటి పెచ్చు ఒకటి ఊడి పింగాణీ పళ్ళెంలో టక్కుమని పడింది. ఎవరితోనో కాదు, పళ్ళెంతో చెబుతున్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. "ఇది గార. ముందు ఇంత గట్టిగా ఉండదు, పాచి. గుడ్డ పెట్టి తుడిస్తే పోయేది. తుడవకపోతే ఉమ్ములో ఉన్న సున్నం పట్టి రాయవుతుంది. దీనికిందికి సూక్ష్మజీవులు చేరతాయి. చిగురు వాస్తుంది, చీము పడుతుంది, లోపలి ఎముక కరుగుతుంది. పన్ను ఏ పాపం ఎరగదు. దాని కింద నేల పోతుంది, అంతే." రెండు పళ్ళు ఆయన వేలు తగలగానే ఊడి వచ్చాయి.

"మిగతావి ఉంటాయా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నేను రోజూ తుడిస్తే ఉంటాయి."

"చిగుళ్ళు ఇంత పాడైనా?"

"ఇంత పాడైనా. పోయింది రాదు, ఉన్నది నిలబడుతుంది."

"మనుషులకైనా?"

ఆయన పనిముట్టు కింద పెట్టి, లేచి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు. "లోపలికి రా అమ్మాయ్, ఒకటి చూపిస్తాను" అన్నారు.

ముందుగదిలో కిటికీ పక్కన ఆయన ఇత్తడి మైక్రోస్కోపు ఉండేది. దానికి తప్ప ఆ ఇంట్లో దేనికీ గుడ్డ కప్పి ఉంచడం నేను చూడలేదు. చెక్కపెట్టెలోంచి రెండు గాజుపలకలు తీశారు. ఒకటి నిండుగా ఉంది, రెండోదానికి ఒక మూల విరిగింది. నాకు కనపడకుండా ఒకదాని మీద భీముడి నోట్లోంచి తీసినది పూశారు. నాకో అగ్గిపుల్ల ఇచ్చి, "పంటికీ చిగురుకీ మధ్య గీకి ఇయ్యి. నేను అటు తిరుగుతాను" అని నిజంగానే గోడవైపు తిరిగారు. మనుషుల డాక్టరు కూడా నాకంత మర్యాద ఇవ్వలేదు. ఆ తర్వాత ఆయన నాదీ చాటుగానే రెండోదాని మీద పూసి, రెండు పలకలూ అటూ ఇటూ మార్చి, గొడ్ల పుండ్లకు రాసే ఊదారంగు మందు చుక్క వేసి, కడిగి, ఆరబెట్టారు. "ఏది ఎవరిదో చెప్పు చూద్దాం" అన్నారు.

కన్ను పెట్టి చూశాను. వంగపండు రంగులో ఆవాలు చల్లినట్టుంది. ఆవాల మధ్య పుల్లలు, పుల్లల మధ్య మెలికలు తిరిగిన పోగులు. నిండు పలకలో అక్కడక్కడ ఖాళీ కనిపించింది. మూల విరిగిన దాంట్లో సూది మోపే సందు లేదు. "ఈ విరిగినది భీముడిది" అన్నాను, నమ్మకంగా. ఆయన కన్ను పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత తల గోక్కున్నారు. "ఏవోనమ్మా, గుర్తు పెట్టుకోవడం మరిచిపోయాను. నాకూ తెలియట్లేదు. అచ్చంగా ఒకే జాతివి కాకపోయినా చుట్టాలే గదా, ఏది ఎవరిదో ఎట్టా చెప్పను?" ముప్పై ఏళ్ళ సర్వీసున్న డాక్టరు అలా తెల్లమొహం వేసేసరికి నాకు నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకోవాలని గుర్తు రాకముందే నవ్వేశాను. "అదీ. వాడికీ నీకూ తేడా నాకే తెలియనప్పుడు, వాడి పళ్ళు నిలబడితే నీవీ నిలబడాలి గదా" అన్నారు.

సాయంత్రం ఆయన మా దొడ్డి గుమ్మం బయట నిలబడి అమ్మతో మాట్లాడారు. "రెండు నెలలు ఆగండి చెల్లెమ్మా. అప్పటికీ కుదరకపోతే పీకించండి, నేనే తీసుకెళ్తాను."

"డాక్టరు చెప్పాడు గదా అన్నయ్యగారూ. మీరేమో..." అని అమ్మ ఆగింది.

"గొడ్ల డాక్టర్నే. అందుకే పిల్ల నోట్లో నేను చెయ్యి పెట్టను. గుడివాడలో మా రూతు వాళ్ళ వీధిలో మద్రాసులో చదివొచ్చిన పళ్ళ డాక్టరున్నాడు. గార గీకుతాడు, పీకడం చివరికి పెట్టుకుంటాడు. కాని ఆయన ఎంత గీకినా ఇంట్లో రోజూ తోముకోకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది."

"బ్రష్షు మాత్రం నా ఇంట్లోకి రాదండీ. ఎంగిలి."

ఆయన వాదిస్తారనుకున్నాను. వాదించలేదు. "వద్దులెండి. ఎంగిలి మాట నేను కాదనను. ఒకదాని తొట్టిలో ఇంకోదాన్ని తాగనివ్వకండని ముప్పై ఏళ్ళు ఊరూరా నేను చెప్పిందీ అదే. కాని చెల్లెమ్మా, పక్కవాళ్ళ ఎంగిలికి భయపడ్డంతగా మన నోట్లో ఎంగిలికి మనం భయపడం. అది ఇరవై నాలుగ్గంటలూ మన దగ్గరే ఉంటుంది." ఎంగిలి అన్న మాటను అమ్మ వైపునుంచి పట్టుకుని మాట్లాడిన మనిషి అదివరకు ఎవరూ తగల్లేదు. "అయితే ఏం చెయ్యమంటారు?" అంది. రోజూ కొత్త వేపపుల్ల, కొన కుంచెలా అయ్యేదాకా నమిలి, ఒక్కో పంటి మొదట్లో చిగురు అంచు మీద మెల్లగా తిప్పాలి, తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించాలి అన్నారాయన. "నెత్తురొస్తేనో?" అంది అమ్మ. "నెత్తురొచ్చే చోటే మళ్ళీ తొయ్యాలి. అక్కడ పనుందని చెప్పడానికే అది వస్తుంది" అన్నారు మావయ్యగారు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే గోడ మీద ఒక లేత వేపపుల్ల ఉండేది, అరిటాకు ముక్కలో చుట్టి. అమ్మ దాని మీద నీళ్ళు చల్లి లోపలికి తెచ్చేది. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు ఉమ్మితే తూములో నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, రెండు నెలల దాకా ఎందుకు, ఇవాళే ఊడిపోతాయనిపించింది. అమ్మకు చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు. మర్నాటి పుల్లను నమలకుండా అలాగే దొడ్డి గోడ అవతలికి గిరాటేసి, కచ్చికతో ఒక్క రుద్దు రుద్దుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను. అలా ఐదు రోజులు ఆయన్ని మోసం చేశాను. గోడ అవతల ఆయన కూరగాయల పాదు ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఆరో రోజు పొద్దున డ్యూటీకి వెళ్తుంటే అరుగు మీంచి పిలిచారు. భీముడు ఆయన ఒళ్ళో ఉన్నాడు. పక్కన నమలని వేపపుల్లలు ఐదు వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన వాటిని వదిలేసి అరుగు స్తంభాల మధ్య కట్టిన తాడు చూపించారు. దాని మీద రుమాలులో నాలుగోవంతు ఉన్న గుడ్డపేలికలు, రోజుకొకటి చొప్పున, వరసగా. మొదటిది ముదురెరుపు. రెండోది, మూడోది ఇంకా ఎరుపు. ఆ తర్వాత ఎరుపు తగ్గుతూ వచ్చి, చివరిదాని మీద గోరంత మరక ఉంది. "మూడో రోజు నాకూ భయమేసిందమ్మా" అన్నారు. అంటూనే కొత్త గుడ్డ వేలికి చుట్టుకున్నారు. భీముడు తనంతట తానే నోరు తెరిచి గడ్డం ఆయన అరచేతిలో పెట్టాడు. "వీడికి నేను చెప్పేది ఒక్కటీ అర్థం కాదు, అయినా నోరు తెరుస్తున్నాడు. నీకు అన్నీ అర్థమవుతాయి." అంతవరకే అన్నారు. నాకు కోపమొచ్చింది, సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. వెనక్కి ఇంట్లోకి వెళ్ళి పుల్ల నమిలాను. ఆ రోజు ఎక్స్‌ఛేంజీకి ఆలస్యంగా వెళ్ళి చివాట్లు తిన్నాను.

గుడివాడకు ప్యాసింజరులో రెండు ఆదివారాలు వెళ్ళాం. ఆ డాక్టరు ఓపిగ్గా ఒక్కో పన్నూ గీకారు. కదిలే రెండూ తీసేసి, మిగతావి చూసి, "ఉండనిద్దాం, ఉంటామంటున్నాయి" అన్నారు. తిరుగు ప్రయాణంలో నా నోట్లో దూది ఉంది, మాట్లాడలేను. అందుకేనేమో మావయ్యగారు మాట్లాడారు. కరుణమ్మగారు చర్చిలో పాటలు పాడేవారట. ముప్పై నాలుగో ఏట పళ్ళన్నీ తీయించేశారు. కట్టుడు పళ్ళతో పాట పలకక పాడటం మానేశారు. దొడ్లో జామచెట్టు ఆవిడ నాటిందే, కాపుకొచ్చాక ఒక్క కాయ కొరకలేకపోయారు.

"నాగాయలంక నుంచి కోడూరు దాకా నేను నోరు చూడని గొడ్డు లేదమ్మాయ్. ఇంట్లో మనిషి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంటే సిగ్గనుకున్నాను. ఆరేళ్ళు అట్టాగే అనుకున్నాను." చూపు కిటికీ బయటి వరిచేల మీదికి తిప్పుకున్నారు. "అలవాటేనండీ అన్నావు చూడు ఆ రోజు. తనూ ఎప్పుడో అని ఉంటుంది. నేను వినలేదు." దూది తీసి ఏదో ఒకటి చెప్పాలని ఎంతగానో అనిపించింది. గొడుగు పిడి మీద ఉన్న ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టాను. బందరు వచ్చేదాకా తీయలేదు.

రెండు నెలలు నిండాక ఒక మధ్యాహ్నం ఆయన దోరజామకాయ ఒకటి కోసి నా చేతికిచ్చి, "కొరుకు" అన్నారు. పక్కపళ్ళతో భయంభయంగా కొరికాను. కరుక్కుమంది. ఆయన ఆ కాయ తీసుకుని, ఎడ్ల సంతలో వయసు చూసేవాడిలా, కొరికిన చోట తిప్పి తిప్పి చూశారు. తెల్లటి కండ మీద ఎర్రటి చుక్క ఒక్కటి లేదు. "చెల్లెమ్మా, ఇటు రండి" అని కేకేశారు. అమ్మ వచ్చి, నేను కొరికిన ఎంగిలి కాయను, అదీ ఆయన చేతిలోంచి, తన చేత్తో అందుకుని చూసింది. కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత వెళ్ళి మళ్ళీ తలారా స్నానం చేసిందనుకోండి, అది వేరే సంగతి.

సరోజిని కుర్చీ ఎప్పుడు మళ్ళీ దగ్గరికి జరిగిందో నేను గమనించలేదు. భీముడు ఇంకో నాలుగేళ్ళు బతికాడు. నాకు పెళ్ళయి, బదిలీ మీద బెజవాడ వచ్చేశాను. మావయ్యగారు పోయారని తెలిసి వెళ్ళినప్పుడు, రూతు నా చేతిలో చిన్న చెక్కపెట్టె పెట్టింది. "నీకివ్వమన్నారక్కా" అంది. ఇంటికొచ్చి తెరిచాను. అందులో ఉన్నవి రెండే గాజుపలకలు, ఊదారంగు ఇంకా పోలేదు. కిటికీ వెలుతురుకు వంచి చూస్తే రెండింటి అంచు మీదా గాజు కోసే మొనతో గీసిన అక్షరాలు కనిపించాయి. నిండు పలక మీద 'భీ'. మూల విరిగినదాని మీద 'కా'. నా పేరు కామేశ్వరి.

ఆయన ఏదీ మరిచిపోలేదు. కుక్క నోటికంటే నా నోరే ఘోరంగా ఉందని కన్ను పెట్టిన క్షణంలోనే తెలుసు. గోడవైపు తిరిగిన మనిషి, నిజాలన్నీ మొహం మీద చెప్పిన మనిషి, ఆ ఒక్కటి చెప్పలేదు. నిజం విని ఉంటే నేను నవ్వేదాన్ని కాదు. నవ్వకపోతే ఆ తర్వాతిదేదీ జరిగేది కాదు. ఆ పలకలు ఒళ్ళో పెట్టుకుని, నాన్నగారు పోయినప్పుడు కూడా ఏడవనంత ఏడ్చాను. బతికుండగా ఇచ్చి ఉంటే నాలుగు చివాట్లు పెట్టేదాన్ని. అది తెలిసే ఇవ్వలేదనుకుంటాను.

మొన్న ఆస్పత్రిలో డాక్టరు టింకూ పళ్ళు శుభ్రం చేశారు. మూడు తీసేసి, రోజూ గుడ్డతో తుడవాలని చెప్పి పంపారు. మర్నాడు మనవరాలు వేలికి గుడ్డ చుట్టుకుని, ఒకసారి తుడిచి, మరక చూసి చెయ్యి లాగేసుకుంది. "నెత్తురొస్తోంది అమ్మమ్మా. కంపు కూడా. నావల్ల కాదు" అని ముక్కు మూసుకుంది.

ఎనభై దాటిన నా నోట్లో ఇంకా సొంత పళ్ళే ఎక్కువ. ఇన్నేళ్ళలో మా ఆయనతో గాని, పిల్లలతో గాని ఈ సంగతి చెప్పలేదు. బీరువాలోంచి చెక్కపెట్టె తెచ్చి, మూల విరిగిన పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను.

"నీ వయసులో నాకూ ఇదే జబ్బు. ఇదే కంపు" అన్నాను.

నమ్మనట్టు చూసింది. "వీడికున్నంతా?"

"వీడికంటే ఎక్కువే. చూడు, పేరు కూడా రాసి ఉంది."

పలకనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ముక్కు మీద చెయ్యి ఎప్పుడు తీసిందో తనకే తెలియదు. కొత్త గుడ్డ వేలికి చుట్టుకుంటూ, "ఎక్కడ తుడవాలి?" అంది.

"నెత్తురొచ్చే చోటే మళ్ళీ" అన్నాను.